హిస్టారిక్ డిస్ట్రిక్టులో ఇంటి ముందు కంచె: దరఖాస్తును ఏ కొలమానంతో చూడాలి?

గోదారిగట్టు:
నమస్కారం. ఒహాయోలో మేముంటున్న పట్టణపు ప్రిజర్వేషన్ కమిషన్‌లో నన్ను ఇటీవల సభ్యునిగా నియమించారు. హిస్టారిక్ డిస్ట్రిక్టులో, అంటే చరిత్ర ఉన్న పాత వీధుల్లో, ఇళ్ల బయటి మార్పులకు అనుమతి ఇచ్చే సంఘం అది; జీతం లేని బాధ్యత. రాబోయే సమావేశంలో చర్చకు రానున్న దరఖాస్తు ఒకటి నన్ను ఆలోచనలో పడేసింది. రెండు వీధుల మూలన 1890ల నాటి క్వీన్ ఆన్ శైలి చెక్క ఇల్లు ఉంది. దాని ముంగిలి చుట్టూ ఆరడుగుల ఎత్తున, సందు లేని తెల్లని వినైల్ (ప్లాస్టిక్) కంచె వేసుకోవడానికి యజమానులు అనుమతి కోరుతున్నారు. ఇంట్లో చిన్నపిల్లలూ కుక్కా ఉన్నారనీ, మూలమీద వాహనాల రద్దీ ఎక్కువనీ కారణం చూపారు. మా గైడ్‌లైన్స్‌లో కంచె గురించి ఉన్నది, అది ఇంటికీ వీధికీ తగినట్లుగా ఉండాలన్న ఒక్క వాక్యమే. ప్రహరీ లేని ఇల్లు ఇల్లే కాదనుకునే ఊళ్లో పెరిగిన నాకు వారి కోరిక వింతగా తోచడం లేదు. పైగా ఆ దంపతులు మా తెలుగు సంఘంలో పరిచయస్తులు. "మీరున్నారు కదా అన్నా, కాస్త చూడండి" అని ఫోన్ కూడా చేశారు. తగినదో కాదో ఎలా తేల్చాలి?

సున్నపుగోడ:
నేను ఆర్కిటెక్టును, పాత ఇళ్ల మరమ్మతులే నా వృత్తి. కాగితాలు చూసే ముందు ఆ వీధిలో రెండు వైపులా నడిచి, ఎన్ని ఇళ్లకు ముందు కంచె ఉందో, ఉంటే ఎంత ఎత్తో, ఏ సామగ్రితో కట్టారో రాసుకోండి. అమెరికా పట్టణాల్లో పశువులు వీధుల్లో తిరిగినంత కాలం ముందు కంచె అవసరంగానే ఉండేది. ఆ తిరుగుడును పట్టణాలు నిషేధించాక, ఇళ్ల ముందు పచ్చికలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి కనిపించాలన్న అభిరుచి 1870ల నుంచి బలపడింది. అందుచేత ఒకే కాలంలో కట్టిన రెండు వీధుల్లో ఒకదానికి కంచెల వరస, మరొకదానికి తెరిచిన ముంగిళ్లు సహజమై ఉండవచ్చు; ఆధారాన్ని ఆ వీధిలోనే వెతకాలి. అగ్నిబీమా కంపెనీల కోసం గీసిన పాత సాన్‌బోర్న్ పటాలు ఇంటి ఆకారానికీ కట్టుబడికీ పనికివస్తాయి గానీ, కంచెల విషయంలో పాత ఫోటోలే ఎక్కువ నమ్మదగినవి.

ఫెడరల్ ప్రభుత్వపు పునరుద్ధరణ ప్రమాణాలు పదింటిలో మీకు ఇక్కడ మూడు ఉపయోగపడతాయి. ఊహించి చరిత్రను సృష్టించవద్దంటుంది మూడవది. కొత్త పని పాతదానితో పొసగుతూనే కొత్తదని తెలిసేలా ఉండాలంటుంది తొమ్మిదవది. రేపు తీసివేసినా అసలు కట్టడం చెక్కుచెదరకూడదంటుంది పదవది. కాబట్టి ఫోటోలో లేని పూల అల్లికల ఇనుప కంచె పెట్టమని యజమానిని బలవంతపెట్టడం కూడా పొరపాటే.

ఆరడుగుల మూసిన కంచెకు నా అభ్యంతరం ఒక్కటే. క్వీన్ ఆన్ ఇంటి ప్రాణమంతా ముందు వరండాలో, దాని కడ్డీల పనితనంలో, గోడల మలుపుల్లో ఉంటుంది; బాటమీద నడిచేవారికి అదంతా కనబడకుండా పోతుంది. ముందువైపు మూడు, నాలుగు అడుగుల్లోపు సందులున్న కంచె, ఇంటి వెనుక మూల నుంచి పెరటి చుట్టూ ఎత్తైన చెక్క కంచె అయితే నేను అభ్యంతరం చెప్పను. మూల స్థలానికి జోనింగ్ (స్థల వినియోగ నిబంధనల) లెక్కలో రెండు వీధులూ ముందువైపే కావచ్చు గనుక, పక్క వీధిలో ఎత్తు ఎక్కడ మొదలవుతుందో పటంలో గీయించండి.

వేపచెట్టు:
సున్నపుగోడ గారితో చాలావరకు ఏకీభవిస్తాను. సామగ్రి సంగతి మాత్రం కొంత చెప్పాలి. ప్లాస్టిక్ కాబట్టి వద్దు అనే కారణం నిలవదు. వినైల్ పలకలు మందంగా, మెరుపుతో, అన్నీ ఒకే అచ్చుగా ఉంటాయి. చెక్కకుండే సన్నని అంచు, రంగు పొర వాటిలో కనిపించవు. కారణాన్ని అలా రాయాలి. అదే న్యాయంతో చూస్తే, ఇనుప ఊచల స్థానంలో సాదా అల్యూమినియం పెడతామంటే, బాటమీద నుంచి తేడా పోల్చడం కష్టం గనుక, నేను ఒప్పుకుంటాను. పాతదనమే కొలమానమైతే చైన్ లింక్ (ఇనుప తీగల వల) కంచె కూడా ఈ దేశంలో 1890లలోనే మొదలైంది. దాన్ని సమర్థించే కమిషనర్‌ను నేనింతవరకు చూడలేదు!

పిల్లల భద్రతను తేలికగా కొట్టివేయకండి. అయితే ఈతకొలను చుట్టూ కంచెకు మోడల్ కోడ్ (నమూనా నిర్మాణ నియమావళి) అడిగే కనీస ఎత్తు 48 అంగుళాలే. నాలుగడుగుల పికెట్ (నిలువు పలకల) కంచె, సందులు ఇరుకుగా ఉండి, గేటు దానంతట అదే మూసుకునేదైతే, చిన్నపిల్లలు వీధిలోకి పరుగెత్తకుండా ఆపుతుంది. ఆరడుగులు అడిగేది సాధారణంగా భద్రతకు కాదు, చాటు కోసం. వారికి నిజంగా కావలసింది ఏదో సమావేశంలో అడగండి.

పాతరికార్డు:
ఒక నగరపు ప్లానింగ్ విభాగంలో పనిచేసి విరమించాను. మొదట ఫోన్ సంగతి. మీ నిర్ణయం న్యాయవిచారణ వంటిది. సమావేశం బయట దరఖాస్తుదారుతో మాట్లాడితే దాన్ని చర్చకు ముందే బహిరంగంగా చెప్పాలి. పరిచయం ఉన్నంత మాత్రాన తప్పుకోవాలా అన్నది మీ నగర న్యాయవాదిని అడిగి తేల్చుకోండి. ఇకపై వారికి, "సమావేశంలోనే మాట్లాడుకుందాం తమ్ముడూ" అని చెబితే మర్యాదా మిగులుతుంది, నిర్ణయమూ నిలుస్తుంది.

రెండవది, ఇల్లు నేషనల్ రిజిస్టర్‌లో (దేశ చారిత్రక స్థలాల జాబితాలో) ఉన్నంత మాత్రాన సొంత డబ్బుతో కంచె వేసుకునే యజమానిని ఎవరూ ఆపలేరు. మీకు అధికారం ఇచ్చేది స్థానిక ఆర్డినెన్సే, అంటే మీ పట్టణం చేసుకున్న చట్టమే. 1931లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ నగరంతో మొదలైన ఈ పద్ధతిలోని మూలసూత్రాన్ని, 1978లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ గురించి వచ్చిన పెన్ సెంట్రల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. అయినా కారణాలు రాయని తిరస్కరణ అప్పీలులో నిలవడం కష్టం. "నాకు నచ్చలేదు" అనే మాట మినిట్స్‌లోకి ఎక్కనీయకండి. వీధిలో ఏముంది, కంచె దేన్ని కప్పుతుంది, గైడ్‌లైన్‌లోని ఏ వాక్యానికి విరుద్ధం అన్నవి రాయండి. పూర్తిగా తిరస్కరించేకన్నా ఎత్తు, సందు, స్థానం షరతులుగా పెట్టి ఆమోదించడం మేలు. కూడలిలో డ్రైవర్ల చూపుకు అడ్డు రాకూడదన్న నిబంధన జోనింగ్‌ వారి పని. మీ ఆమోదం దానికి బదులు కాదు.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఫోన్ విషయం రేపే నగర న్యాయవాదికి తెలియజేస్తాను. ఒక్క సందేహం మిగిలింది: పక్క వీధి అంచున పాత ఇసుకరాయి వరస ఉంది. దానిలోనే రంధ్రాలు చేసి కంచె స్తంభాలు దింపుతామని పటంలో చూపారు.

సున్నపుగోడ:
దానికి మాత్రం ఒప్పుకోకండి. రాతిలో దింపిన ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే రాయి చీలుతుంది; అల్యూమినియమైనా రంధ్రం రంధ్రమే, అందులో నిలిచిన నీరు చలికాలంలో గడ్డకట్టి అదే పని చేస్తుంది. స్తంభాలను రాతి వరసకు ఇంటివైపున, కొన్ని అంగుళాలు వదిలి, మట్టిలోనే పాతాలని షరతు పెట్టండి. పాత రంధ్రాలేమైనా ఆ రాతిలో ఇప్పటికే ఉంటే ఫోటో తీయించండి. ఒకప్పుడు అక్కడ కంచె ఉండేదనడానికి అదే మీకు దొరకగల మంచి ఆధారం.