ఆర్‌సింక్‌కి జెనిటీ ప్రోగ్రెస్ బార్: సున్నా నుంచి ఒకేసారి 100

బ్యాకప్ స్క్రిప్ట్‌లో ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే rsync కమాండ్) --ఇన్ఫో=ప్రోగ్రెస్2 (మొత్తం పని శాతం చూపే ఆప్షన్) అవుట్‌పుట్‌ని పైపులో (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి పంపే దారి) జెనిటీ (స్క్రిప్ట్ నుంచి విండోలు చూపే zenity టూల్) --ప్రోగ్రెస్‌కి ఇస్తున్నాను. బార్ చివరిదాకా కదలదు. క్యాన్సిల్ నొక్కినా కాపీ ఆగట్లేదు. నాది ఉబుంటు లినక్స్, బాష్ షెల్.

జవాబు 1:
జెనిటీ లైన్లవారీగా చదువుతుంది. ఆర్‌సింక్ మాత్రం కొత్త లైన్ వేయకుండా క్యారేజ్ రిటర్న్‌తో (కర్సర్‌ని లైన్ మొదటికి తెచ్చే గుర్తు) అదే లైన్‌ని తిరగరాస్తుంది. మధ్యలో టీఆర్ (అక్షరాలు మార్చే tr కమాండ్) పెట్టి దాన్ని న్యూలైన్‌గా మార్చండి. అసలు చిక్కు బఫర్‌తోనే (అవుట్‌పుట్ తాత్కాలికంగా ఆగే చోటు): పైపులోకి రాసేటప్పుడు టీఆర్ కిలోబైట్ల కొద్దీ పోగయ్యాకే వదులుతుంది. అందుకే స్టడ్‌బఫ్ -ఓఎల్ టీఆర్ (stdbuf -oL tr, ప్రతి లైన్‌నీ వెంటనే వదలమని) అని నడపాలి. తర్వాత ఆక్‌తో (కాలమ్‌లవారీగా టెక్స్ట్ చదివే awk కమాండ్) రెండో కాలమ్‌కి సున్నా కలిపి ప్రింట్ చేస్తే శాతం గుర్తు పోయి అంకె మిగులుతుంది. ప్రతి ప్రింట్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ (బఫర్‌ని వెంటనే ఖాళీ చేసే fflush) తప్పనిసరి. మీ ఆక్ నిజానికి మాక్ (mawk, ఆక్‌లో ఒక రకం) అయితే ఇన్‌పుట్‌నీ ఆపుకుంటుంది, -డబ్ల్యూ ఇంటరాక్టివ్ ఇవ్వండి.
శాతం వెనక్కి తగ్గుతుంటే ఆర్‌సింక్‌కి --నో-ఇంక్-రికర్సివ్ చేర్చండి. ఫైళ్ల జాబితా ముందే పూర్తవుతుంది. పెద్ద డైరెక్టరీలకి మొదట్లో కొంత ఆలస్యం తప్పదు.

జవాబు 2:
క్యాన్సిల్ జెనిటీని మాత్రమే మూస్తుంది, ఎగ్జిట్ కోడ్ 1. ఎంకే‌ఫైఫోతో (mkfifo కమాండ్) పైపులా పనిచేసే ఫైల్ చేసి, ఆర్‌సింక్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో దానిలోకి రాయించి, దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) దాచుకోండి. ఆ ఫైల్ నుంచి టీఆర్, ఆక్, జెనిటీ వరుస నడపండి. ఆ వరుస ఎగ్జిట్ కోడ్ సున్నా కాకపోతే ఆ పీఐడీని కిల్ చేయండి. జెనిటీ --ఆటో-కిల్ ఆప్షన్ మీద ఆధారపడొద్దు, అది హ్యాంగప్ సిగ్నల్ పంపేది మీ స్క్రిప్ట్‌కి, ఆర్‌సింక్‌కి కాదు.

జవాబు 3:
ఇదే స్క్రిప్ట్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి టెర్మినల్‌తో లాగిన్) కూడా వాడితే, డిస్‌ప్లే, వేల్యాండ్ డిస్‌ప్లే వేరియబుల్స్ రెండూ ఖాళీగా ఉన్నప్పుడు విప్‌టెయిల్ (టెర్మినల్‌లోనే డైలాగ్‌లు చూపే whiptail) --గేజ్‌కి మళ్లించండి. అవే అంకెలు తీసుకుంటుంది, క్యాన్సిల్ బటన్ మాత్రం ఉండదు.