హన్మకొండ నుంచి అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కు దారేంది?

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌బీ రెండో ఏడు. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తుల ముందు తగాదా తేల్చుకునుడు) వకీలుగా చేస్తూనే లా పాఠాలు చెప్పాలని ఉంది. రెండూ కుదురుతయా? మొదలు ఏం పట్టుకోవాలె?

జవాబు 1: గంటల లెక్క చూసుకుంటే కుదురుతయి తమ్మీ. అడ్వకేట్లు లా పాఠాలు చెప్పుడు మీదున్న 1979 నిబంధనల ప్రకారం ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు రోజుకు 3 గంటలు మించకుండా లా చెప్పొచ్చు. ఫుల్‌టైమ్ కొలువైతే ప్రాక్టీసు ఆపాలె. ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం, నెట్ లేదా సెట్ (లెక్చరర్ అర్హత పరీక్షలు) దగ్గర పెట్టుకో.

జవాబు 2: ముందు 1996 ఆర్బిట్రేషన్ చట్టం చదువు. కొత్తోళ్లు బోల్తాపడేది సీటు (ఏ దేశం చట్టం, కోర్టుల కింద ఆర్బిట్రేషన్ నడుస్తదో ఆ చోటు), వెన్యూ (హియరింగులు జరిగే చోటు) ఒకటే అనుకునే కాడ. సీటు సింగపూర్ అయితే, హియరింగులన్నీ హైదరాబాద్‌ల జరిగినా, అవార్డు (మధ్యవర్తుల తీర్పు) రద్దు చేయమని అడగాల్సింది సింగపూర్ కోర్టునే. ఇక్కడి హైకోర్టులో అమలుకు సెక్షన్ 47 కింద అవార్డు, ఆర్బిట్రేషన్ ఒప్పందం పెట్టాలె. అవి వేరే భాషలో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం కూడా. సీటు ఇండియాలో ఉంటే రద్దు అడిగేది సెక్షన్ 34 కింద, గడువు: అవార్డు అందినంక 3 నెలలు, సరైన కారణముంటే ఇంకో 30 రోజులు. ఆ 30 రోజులు దాటి 31వ రోజు పోతే తలుపు మూసినట్టే. ఆలస్యాన్ని మన్నించే లిమిటేషన్ యాక్టు సెక్షన్ 5 అక్కరకు రాదు.

జవాబు 3: వియన్నా విస్ మూట్ (లా విద్యార్థుల ఉత్తుత్తి ఆర్బిట్రేషన్ వాదనల పోటీ) మర్చిపోకు. అక్టోబరులో ప్రాబ్లం (వాదించాల్సిన కల్పిత కేసు) వస్తది, డిసెంబరుకు క్లెయిమెంట్ (దావా వేసిన పక్షం) మెమో అంటే రాతపూర్వక వాదన, జనవరికి రెస్పాండెంట్ (ఎదుటి పక్షం) మెమో. విమానం ఖర్చు భారమే గానీ, పాత ప్రాబ్లంలు ఇంటర్నెట్‌లో ఉచితం. రెండు పక్షాలూ రాసి చూడు.