కాటా సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపం ఇవ్వాలా, పాత బూడిద రంగు బటన్లే ఉంచాలా?

కోవూరు కాటా:
కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లు కాటాకు నేను రాసిచ్చిన ప్రోగ్రాం ఇది. విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో, 2004లో రాశాను. లారీ కాటా ఎక్కగానే బరువు చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీద బరువు తెర మీదికి వస్తుంది. లోడు బరువు, ఖాళీ బరువు, నికరం, పుట్టికి 850 కిలోల చొప్పున ఎన్ని పుట్లో, అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. చీటీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో వస్తుంది. ఇన్నేళ్లలో ఈ ప్రోగ్రాం వల్ల లారీ ఆగింది అన్న మాట నేను వినలేదు.

పోయిన నెల పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తదాంట్లో విండోస్ 11 ఉంది. ప్రోగ్రాం అందులోనూ బాగానే నడుస్తోంది. కాకపోతే కిటికీ చుట్టూ ఉన్న చట్రం కొత్తగా, లోపలి బటన్లన్నీ విండోస్ 95 నాటి దిమ్మల్లా ఉన్నాయి. ఓనరు గారి అబ్బాయి చూసి, కొత్త రూపం తెప్పించమన్నాడు. కాటా గుమాస్తా మాత్రం "దాన్ని కదిలించొద్దు సార్" అంటున్నాడు. మార్చిలో కోతలు మొదలైతే రాత్రి రెండు గంటలకు కూడా లారీలు వరసలో ఉంటాయి. మీరైతే ఏం చేస్తారు?

ఒంగోలు కోడర్:
అన్నా, కొత్త రూపం పెట్టేయండి. ఇందులో ఆలోచించేదేం లేదు.

ఎందుకిలా కనిపిస్తోందో ముందు చెప్తాను, చదివేవాళ్లకు పనికొస్తుంది. బటన్లు, జాబితాలు, ట్యాబులు గీసే ఫైలు విండోస్‌లో రెండు వెర్షన్లుగా ఉంటుంది. పాతది 5.82. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చినది 6. "నాకు 6 కావాలి" అని ప్రోగ్రాం అడగకపోతే విండోస్ 5.82నే ఇస్తుంది. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని అలా పెట్టారు. అడగడమంటే మానిఫెస్ట్ అనే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు పెట్టడమే. ఎగ్జీ, అంటే ప్రోగ్రాం ఫైలు, దాని పేరు చివర డాట్ మానిఫెస్ట్ అని చేర్చి అదే ఫోల్డర్‌లో పెట్టొచ్చు. లేదా రిసోర్స్‌గా, రకం 24, నంబరు 1 కింద ఎగ్జీ లోపలే చేర్చొచ్చు. విజువల్ బేసిక్ 6లో లోపల చేర్చేటట్టయితే ఆ ఫైలు సైజు నాలుగు బైట్ల గుణకంగా ఉండాలి. లేకుంటే చివర ఖాళీలు కలపండి.

ప్రోగ్రాం మొదలవగానే, మొదటి ఫారం రాకముందే, ఇనిట్‌కామన్‌కంట్రోల్స్ అనే విండోస్ ఫంక్షన్‌ను ఒకసారి పిలవండి. ఎక్స్‌పీలో ఈ పిలుపు లేక, ఫారమే తెరుచుకోని ప్రోగ్రాములను చూశాను.

విండోస్ 8 నుంచి పాత బూడిద రూపం, అంటే క్లాసిక్ థీమ్, తీసేశారు. అంటే మీ ప్రోగ్రాం చుట్టూ ఉన్నవన్నీ మారిపోయాయి, అదొక్కటే పాతగా మిగిలింది. కొనేవాడు ముందు చూసేది తెరనే. లోపల లెక్క ఎంత బాగున్నా, పాతబడిన మొహం చూసి "దీన్ని పట్టించుకునేవాడు లేడు" అనుకుంటాడు. నాకు ఒక ఆర్డరు అలాగే చేజారింది.

అల్లూరు గుమాస్తా:
నేను ప్రోగ్రామర్‌ను కాదు. పన్నెండేళ్లుగా కాటా గదిలో కూర్చుని చీటీలు కొట్టేవాణ్ణి. మా వైపు మాట కూడా వినండి.

నేను తెర మీద అక్షరాలు చదవను. పచ్చ బటన్ అంటే బరువు తీసుకో. ఎర్రది అంటే రద్దు. పసుపు అంటే రెండో తూకం, ఖాళీ బండి వచ్చింది అని. డ్రైవరు హారన్ కొడుతుంటే, హమాలీ కిటికీలోంచి బండి నంబరు అరుస్తుంటే, నా చెయ్యి రంగును బట్టి పోతుంది. మా దగ్గర ఒకసారి కొత్త వెర్షన్ అని పెట్టారు. బటన్లన్నీ ఒకే తెల్లటి రంగులోకి వచ్చాయి. మొదటి రాత్రే ఒక లారీకి లోడు బరువు తీసుకోవాల్సిన చోట రద్దు నొక్కాను. బండి అప్పటికే కాటా దిగింది. మళ్లీ ఎక్కించడానికి వెనకున్న ఆరు బండ్లను జరపాల్సి వచ్చింది. ఆ డ్రైవరు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అందంగా ఉండడం నాకూ ఇష్టమే. కానీ తప్పు తూకం పడితే ఓనరు అడిగేది నన్ను, ఆ బటన్ గీసినవాణ్ణి కాదు.

చీమకుర్తి యార్డు:
గుమాస్తా గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి సాంకేతిక కారణం కూడా ఉంది. విజువల్ బేసిక్ 6లో మామూలు బటన్‌కు రంగు వేయలేం, స్టైల్‌ను గ్రాఫికల్‌కు మార్చితేనే వేయగలం. ఆ గ్రాఫికల్ బటన్లకు కొత్త థీమ్ అంటదు. కాబట్టి కోవూరు అన్నా, మీరు మానిఫెస్ట్ పెడితే రంగు బటన్లు పాతగానే ఉంటాయి, మిగతావి కొత్తగా మారతాయి. తెర సగం పాత, సగం కొత్త. ఫ్లెక్స్‌గ్రిడ్ అనే పట్టిక వాడి ఉంటే అది కూడా మారదు, తన గీత తానే గీసుకుంటుంది.

మా గ్రానైట్ యార్డులో బ్లాకుల కొలతల ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ తర్వాత తెచ్చిన డాట్‌నెట్‌లో ఉంది. అందులో పని తేలికే. మెయిన్‌లో, ఏ కంట్రోలూ (బటన్, పెట్టె లాంటివి) పుట్టకముందే ఎనేబుల్‌విజువల్‌స్టైల్స్ అని ఒక్క లైను. పెట్టాం, బాగుంది అనుకున్నాం. వారం తర్వాత సూపర్‌వైజర్ వచ్చి "స్టాక్ నిండే కొద్దీ ఎర్రగా మారే పట్టీ ఏమైంది?" అన్నాడు. థీమ్ ఆన్ చేస్తే ప్రోగ్రెస్ బార్ మనం ఇచ్చిన రంగును పట్టించుకోదు, పచ్చగానే ఉంటుంది. ఎర్రర్ రాలేదు, కంపైలర్ ఏమీ అనలేదు. యార్డు నిండిపోయిందని చెప్పే ఒకే ఒక్క గుర్తు నోరు మూసుకుంది.

ఒంగోలు కోడర్:
దానికి మందు ఉంది. సెట్‌విండోథీమ్ అనే ఫంక్షన్‌కు ఆ ఒక్క కంట్రోల్ హ్యాండిల్ (విండోస్ దానికిచ్చే గుర్తింపు నంబరు), రెండు ఖాళీ స్ట్రింగులు ఇస్తే దానికి మాత్రం పాత రూపం, పాత రంగు తిరిగొస్తాయి. మొత్తం ఆపాల్సిన పని లేదు.

చీమకుర్తి యార్డు:
మందు ఉందని నాకు ఆ తర్వాతే తెలిసింది తమ్ముడూ. నేను చెప్పేది అది కాదు. "ఒక్క లైనే కదా" అని మధ్యాహ్నం భోజనానికి ముందు పెట్టేశాం. ప్రతి తెర తెరిచి, ప్రతి రంగు ఎందుకు ఉందో వాడేవాళ్లను అడిగి ఉంటే వారం పోయేది కాదు.

పొదలకూరు నిమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా నిమ్మకాయల మండీ లెక్కల ప్రోగ్రాం కూడా విజువల్ బేసిక్ 6దే. రైతు పేరు తెలుగులో కొడితే ప్రశ్న గుర్తులు పడుతున్నాయి. కంట్రోల్స్ వెర్షన్ 6 యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టేది, అని ఎక్కడో చదివాను. ఈ మానిఫెస్ట్ పెడితే తెలుగు వస్తుందా?

ఒంగోలు కోడర్:
రాదండీ. విండోస్ వైపు కంట్రోల్ యూనికోడ్‌దే అయినా, విజువల్ బేసిక్ 6 తన టెక్స్ట్ బాక్సులకు అక్షరాలు పంపేముందు వాటిని పాత ఆన్సీ కోడ్‌లోకి మారుస్తుంది. ఆ పద్ధతిలో తెలుగుకు కోడ్ పేజీ, అంటే అక్షరాల పట్టికే, లేదు. అందుకే ప్రశ్న గుర్తులు. రూపం మారినా అవి కొత్త పెట్టెలో కనపడే ప్రశ్న గుర్తులే అవుతాయి. తెలుగు కావాలంటే ఆ పేరు పెట్టె వరకైనా యూనికోడ్ కంట్రోల్‌కు మారాలి, లేదా డాట్‌నెట్‌కు పోవాలి.

కావలి సర్వీస్:
ఇప్పటిదాకా అందరూ రంగుల గురించే మాట్లాడారు. నన్ను భయపెట్టింది వేరే. ఇది చదివాకే మానిఫెస్ట్ మీద చెయ్యి వేయండి.

ఒక ఎరువుల కొట్టు బిల్లింగ్ ప్రోగ్రాం. అది కూడా విజువల్ బేసిక్ 6దే, డేటా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలులో. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లోనే ఎగ్జీ, దాని పక్కనే డేటా ఫైలు. నేను నెట్‌లో దొరికిన మానిఫెస్ట్ కాపీ చేసి, పేరు మార్చి పెట్టాను. మొదట ఏ మార్పూ కనపడలేదు. విండోస్ పాత సమాచారం గుర్తు పెట్టుకుందని తర్వాత తెలిసింది. ఎగ్జీ మళ్లీ కంపైల్ చేస్తే కొత్త రూపం వచ్చింది. కొట్టాయన సంతోషించాడు, టీ తెప్పించాడు. మర్నాడు పొద్దున ఫోన్. "బాకీల ఖాతా మొత్తం ఖాళీగా ఉంది. రైతులు వచ్చి కూర్చున్నారు" అన్నాడు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

జరిగింది ఇదీ. విండోస్ విస్టా నుంచి మామూలు యూజర్‌గా నడిచే ప్రోగ్రాం ప్రోగ్రాం ఫైల్స్‌లో రాయకూడదు. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా విండోస్ ఒక ఏర్పాటు చేసింది. వాటి రాతలను చెప్పాపెట్టకుండా యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, దానిలో లోకల్, దానిలో వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. అంటే ఏళ్లుగా ఆ కొట్టు బాకీలన్నీ పడుతున్నది వర్చువల్‌స్టోర్‌లోని కాపీలో. ప్రోగ్రాం ఫైల్స్‌లో ఉన్నది ఇన్‌స్టాల్ చేసిన రోజు నాటి ఖాళీ ఫైలు. నేను కాపీ చేసిన మానిఫెస్ట్‌లో కొత్త రూపం అడిగే కామన్ కంట్రోల్స్ లైన్లతో పాటు, ఏ అధికారంతో నడవాలో చెప్పే రిక్వెస్టెడ్ ఎగ్జిక్యూషన్ లెవెల్ అనే లైను కూడా ఉంది. ఆ లైను కనపడితే విండోస్ "ఇది కొత్త కాలం ప్రోగ్రాం, దారి మళ్లించనక్కర్లేదు" అనుకుంటుంది. మళ్లింపు ఆగిపోయింది. ప్రోగ్రాం నేరుగా ఖాళీ ఫైలునే తెరిచింది.

డేటా పోలేదు, వర్చువల్‌స్టోర్‌లో భద్రంగా దొరికింది. కానీ దొరికేదాకా రెండు గంటలు ఆ కొట్టాయన మొహం చూడలేకపోయాను. నా మీద నమ్మకంతో తాళాలు ఇచ్చిన మనిషి.

కాబట్టి కోవూరు అన్నా, మూడు మాటలు. మీ డేటా ఫైలు నిజంగా ఎక్కడుందో ముందు వెతకండి. మానిఫెస్ట్‌లో కామన్ కంట్రోల్స్ భాగం ఒక్కటే ఉంచండి, అది ఒక్కటీ ఉంటే మళ్లింపు ఆగదు. తెర స్కేలింగ్ గురించి చెప్పే డీపీఐ లైను ఉంటే అదీ తీసేయండి. తెర 125 శాతంలో ఉన్నప్పుడు దాన్ని పెడితే, మీరు 2004లో కొలిచి పెట్టిన లేబుళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కొచ్చు.

ఒంగోలు కోడర్:
కావలి అన్నా, ఈ మళ్లింపు సంగతి నేను పట్టించుకోలేదు. పైన "ఆలోచించేదేం లేదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను రాసినవన్నీ డేటాను వేరే డ్రైవ్‌లో పెట్టేవి, అందుకే ఎప్పుడూ ఎదురుకాలేదు. అయినా కొత్త రూపం ఇవ్వాలన్న మాట మీదే ఉన్నాను. చూపు తగ్గినవాళ్లు హై కాంట్రాస్ట్ పెట్టుకుంటారు. సిస్టమ్ రంగులు వాడిన తెర వాళ్లతో పాటు మారుతుంది. చేత్తో వేసిన రంగులు మారవు. గుమాస్తాకు యాభై దాటాక ఈ తేడా తెలుస్తుంది.

అల్లూరు గుమాస్తా:
నాకు యాభై రెండు. రాత్రిపూట ఆ అంకెలు కనపడక అద్దాలు మార్చుకున్నాను. అంకెలు పెద్దవి చేస్తే దండం పెడతాను. బటన్ అంచులు గుండ్రంగా ఉన్నాయా, చదరంగా ఉన్నాయా అన్నది నాకు అక్కర్లేదు.

చీమకుర్తి యార్డు:
అది రాసుకోండి కోవూరు అన్నా. ఓనరు గారి అబ్బాయికి కావాల్సింది ఒకటి, కుర్చీలో కూర్చునే ఆయనకు కావాల్సింది ఇంకొకటి.

ఇంకో చిన్న విషయం. మీ ఫారంలో ఫ్రేముల లోపల ఆప్షన్ బటన్లు ఉంటే, థీమ్ ఆన్ చేయగానే వాటి వెనక నల్లగా రావచ్చు. ఎక్స్‌పీ నాటి జబ్బు. ఫ్రేములో ఒక పిక్చర్ బాక్సు పెట్టి, దాని మీద బటన్లు పెడితే పోతుంది.

కోవూరు కాటా:
అందరికీ నమస్కారం. ఆదివారం కాటా ఖాళీగా ఉంటే మిల్లుకు వెళ్లి కూర్చున్నాను. ఏం చేశానో రాస్తున్నాను.

ముందు కావలి అన్న చెప్పినట్టు డేటా ఫైలు వెతికాను. చదివి ఒళ్లు జలదరించింది గానీ, నాది డీ డ్రైవ్‌లో ఉంది, ఆ ప్రమాదం లేదు. సెట్టింగుల ఫైలు మాత్రం వర్చువల్‌స్టోర్‌లో దొరికింది. ఇండికేటర్ పోర్టు నంబరు అందులోనే ఉంటుంది. అంటే ఆ అధికారం లైనుతో మానిఫెస్ట్ పెట్టి ఉంటే కాటా బరువే తెర మీదికి వచ్చేది కాదు. దాన్ని కూడా డీ డ్రైవ్‌లోకి మార్చాను.

తర్వాత ఎగ్జీకి ఇంకో పేరుతో కాపీ చేసి, దానికి మాత్రమే మానిఫెస్ట్ పెట్టాను. తూకం తెరలో చీమకుర్తి అన్న చెప్పినట్టే అయింది. మూడు రంగు బటన్లు పాతగా, మిగతావి కొత్తగా. బియ్యం రకం ఎంచుకునే ఫ్రేములో నల్లటి మచ్చలు వచ్చాయి, పిక్చర్ బాక్సుతో పోయాయి. గుమాస్తాను పక్కన కూర్చోబెట్టి, ఖాళీ ట్రాక్టరు ఒకటి కాటా ఎక్కించి పది చీటీలు కొట్టించాను. రంగు బటన్ల దగ్గర ఆయన చెయ్యి ఎక్కడా ఆగలేదు. రెండుసార్లు ఆగింది బండి నంబరు పెట్టె దగ్గర. కొత్త రూపంలో ఆ పెట్టె అంచు సన్నగా ఉంది, కర్సర్ ఎక్కడుందో ఆయనకు కనపడలేదు. ఆ పెట్టెలోకి వెళ్లగానే లోపల లేత పసుపు వచ్చేలా కోడు రాశాను. అల్లూరు అన్నా, బరువు అంకెలను మీరు అడిగినట్టే రెట్టింపు చేశాను. మా గుమాస్తా అద్దాలు తీసి చూసి, తల ఊపాడు.

ఓనరు గారి అబ్బాయికి రిపోర్టుల తెర, లాగిన్ తెర చూపించాను, నచ్చాయి. తూకం తెరలో ఆ మూడు బటన్లు పాతగా ఎందుకున్నాయని అడిగాడు. గుమాస్తానే చెప్పాడు. సరే అన్నాడు.

ఫిబ్రవరి నెలంతా పాత ఎగ్జీ, కొత్త ఎగ్జీ రెండూ డెస్క్‌టాప్ మీద ఉంటాయి. చీటీ నంబర్లు రెండింటికీ ఒకే ఫైలు నుంచి వస్తాయి కాబట్టి ఏది తెరిచినా లెక్క తప్పదు. మార్చి మొదటి లారీ ఏ ఎగ్జీలో తూగాలో గుమాస్తా చెప్తాడు.