ఆరు వేలల్లో ఇంటర్‌ఫేస్ ఇప్పుడే కొనాలా, ఆగి స్కార్లెట్ తీసుకోవాలా?

కొర్లగుంట గిటార్:
అన్నలకు నమస్కారం. ఎలక్ట్రిక్ గిటార్ మీద అన్నమయ్య కీర్తనలు వాయించి ఇంట్లోనే రికార్డు చేయాలని నా ఆశ. ఇన్నాళ్లూ లాప్‌టాప్ మైకు జాక్‌లోనే గుచ్చి వాయిస్తా ఉండా. శబ్దం మొద్దుగా వస్తాది, తీగ మీటిన కాసేపటికి గానీ వినపడదు. చేతిలో ఆరు వేలుండాయి. బెహ్రింగర్ యూఎం2 అనే ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని యూఎస్‌బీ గుండా కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) తీసుకుందామంటే, మూడు నెలలు ఆగి అట్లాంటిదే ఇంకా మంచి పెట్టె, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, కొనమంటాడు మా స్నేహితుడు. ఏం చేయమంటారు?

కట్టమంచి వాసి:
తమ్ముడూ, ఇప్పుడే కొను. మైకు జాక్‌కు ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు అడ్డుపడే నిరోధం) తక్కువ, గిటార్ పికప్‌కు, అంటే తీగల కదలికను కరెంటుగా మార్చే కాయిల్‌కు, అది సరిపోదు. అందుకే పై స్వరాలు చచ్చిపోయి మొద్దుగా వినపడతా ఉండాది. చవక పెట్టెలో కూడా గిటార్ కోసం వేరే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉంటాది, ఆ కష్టం అక్కడితో తీరుతాది. యూఎం2 16 బిట్టే అని అందరూ ఎగతాళి చేస్తారు. 16 బిట్ అంటే అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్ పరిధి. నీ పికప్ నుంచి వచ్చే గురగురే దానికన్నా చాలా పైన ఉంటాది. మూడు నెలలు ఊరికే కూర్చునే బదులు ఆ మూడు నెలలూ రికార్డు చేసుకో.

తిరుచానూరు రోడ్డు:
బిట్ల సంగతి ఒప్పుకుంటా అన్నా, అయినా అసలు చిక్కు డ్రైవర్ దగ్గర, అంటే పెట్టెను కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంది. విండోస్‌లో యూఎం2కు ఏసియో4ఆల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సర్దుకోవాలి. స్కార్లెట్‌కు కంపెనీ వాళ్ల సొంత ఏసియో (ఆలస్యం తగ్గించే రకం) డ్రైవర్ ఉంది. శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా (శాంపిళ్లు) కొలిచేటప్పుడు బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కసారి పోగు చేసుకునే ముక్కలు, 128 పెడితే ఆలస్యం 2.9 మిల్లీ సెకన్లు, 512 పెడితే 11.6. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, అంటే రెండింతలు వేసుకోండి. డ్రైవర్ బాగుంటే 128లో నడుస్తుంది, లేకపోతే చిటపటలు వస్తాయి, బఫర్ పెంచక తప్పదు. గమకం పలికించేటప్పుడు ఇరవై మిల్లీ సెకన్లు వెనకబడితే చెయ్యి చెవిని నమ్మదు. ఏడాదిపాటు అట్లా వాయించి నా తాళమే పాడు చేసుకున్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కట్టమంచి వాసి:
మరి డైరెక్ట్ మానిటర్ బటన్ ఎందుకుండాదన్నా? అది నొక్కితే గిటార్ శబ్దం కంప్యూటర్‌లోకి పోయి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు వస్తాది. ఆలస్యం అనేదే ఉండదు.

తిరుచానూరు రోడ్డు:
వస్తుంది, ఉత్త గిటారే వస్తుంది. న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి, గిటార్ ఆంప్లిఫయర్ శబ్దాన్ని అనుకరించే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ఆ శబ్దం వింటూ వాయించాలంటే కంప్యూటర్ గుండానే రావాలి. అక్కడ ఆ బటన్ పనికిరాదు. తమ్ముడు క్లీన్‌గా (ఉన్న శబ్దం ఉన్నట్టే) వాయిస్తాడా, డిస్టార్షన్ (గరగరలాడే రాక్ శబ్దం) వేస్తాడా? దాని మీదే అంతా ఉంది.

బైరాగిపట్టెడ:
మధ్యలో ఒక మాట నాయనా. ఏ పెట్టె కొన్నా ముందు ఇల్లు చూసుకో. మా ఇంట్లో ఒకటే హమ్, కరెంటు గురగుర. పెట్టె చెడిపోయిందనుకుని మార్చినా, అయినా పోలేదు. ఒకరోజు కరెంటు పోయి లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిస్తే శబ్దం మాయం! చార్జర్‌కు ఎర్తు లేదని అప్పుడు తెలిసింది. సింగిల్ కాయిల్ పికప్ (ఒకే కాయిల్ ఉండేది, కరెంటు గురగురను ఎక్కువ పట్టేది) అయితే ఫ్యాను రెగ్యులేటర్‌కు, ట్యూబ్‌లైటుకు దూరంగా కూర్చో. గిటార్ పట్టుకుని నిదానంగా తిరిగితే ఒక దిక్కులో గురగుర తగ్గుతాది, అక్కడే కుర్చీ వేసుకో.

ఇంకొకటి, మీ ఇద్దరి వాదంలో రానిది. బెహ్రింగర్‌లోనే యూఎంసీ202హెచ్‌డీ ఉండాది కదా? 24 బిట్, రెండు ఇన్‌పుట్లు, కంపెనీ ఏసియో డ్రైవర్. శాంపిల్ రేటు 192 కిలోహెర్ట్జ్ అని డబ్బా మీద రాసినదానికి నువ్వు పైసా కూడా ఎక్కువ ఇవ్వొద్దు, ఆ అంకెతో నీకు పనిలేదు. రేపు గొంతు కూడా కలపాలంటే రెండో ఇన్‌పుట్ అక్కరకొస్తాది. 24 బిట్ కాబట్టి పీక్ (అన్నిటికన్నా పెద్ద శబ్దం) గరిష్ఠ హద్దుకు 12 డెసిబెల్ కింద, మైనస్ 12 దగ్గర పెట్టుకుని భయం లేకుండా వాయించొచ్చు.

కట్టమంచి వాసి:
అది ఆరు వేలకు దొరుకుతాదా అనేది చూసుకోవాల. దొరికితే నాకూ అభ్యంతరం లేదు. సెకండ్ హ్యాండ్ స్కార్లెట్ మాత్రం చూడకుండా కొనొద్దు. గెయిన్ నాబ్ (లోపలికొచ్చే శబ్దం పెంచే తిప్పుడు) తిప్పితే బరబర వస్తాదా, యూఎస్‌బీ పోర్టు వదులుగా ఉండాదా, కొన్ని మైకులకు కరెంటిచ్చే 48 వోల్టుల ఫాంటమ్ దీపం వెలుగుతాదా అన్నీ చూడాల.

కొర్లగుంట గిటార్:
రాత్రి చార్జర్ పీకి వాయించినా, సగం గురగుర అక్కడే పోయింది. బైరాగిపట్టెడ అన్నకు దండాలు. నేను వాయించేది క్లీనే. అయితే ముందు శ్రుతి ఒక ట్రాక్‌లో పెట్టి, దాని మీద కీర్తన, మళ్లీ దాని మీద ఇంకో గిటార్. ఆలస్యం ఉంటే ట్రాకులు జరిగిపోతాయా?

తిరుచానూరు రోడ్డు:
డ్రైవర్ తన ఆలస్యం సరిగ్గా చెప్తే రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) తనే ట్రాకును వెనక్కి జరుపుతుంది. తప్పు చెప్తే ప్రతి ట్రాకూ కాస్త జరిగి పడుతుంది. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ వేసి, ఒక టిక్ రికార్డు చేసి, ఎన్ని శాంపిళ్లు జరిగిందో చూసి, రీపర్ సెట్టింగుల్లో ఆ అంకె వేయాలి. ఒక్కసారి చేస్తే చాలు, బఫర్ మారిస్తే మళ్లీ చూసుకోవాలి.

కొర్లగుంట గిటార్:
సరేనన్నా. 202 ధర కనుక్కుంటా. ఇంకో వెయ్యో రెండు వేలో కావాలంటే వచ్చే నెల దాకా ఆగుతా గానీ, మూడు నెలలు ఆగలేను. వచ్చే ఆదివారం చెన్నై పోయి గిటార్, లాప్‌టాప్ రెండూ అంగట్లో పెట్టి వాయించి చూసే తీసుకుంటా. టిక్ ఎన్ని శాంపిళ్లు జరిగిందో ఇక్కడే రాస్తా.