నెల్లూరులో కుక్కని గొలుసు విప్పి పరిగెత్తనిచ్చే చోటు యాడన్నా ఉందా?

జున్నువాళ్ళ నాయన

మా జున్ను రెండేళ్ల లాబ్రడార్, ముప్పై రెండు కిలోలు. పేరు జున్నే గానీ పని బుల్డోజర్‌ది. పోయినేడు దాకా హైదరాబాదులో ఉన్నాం. ఆదివారమైతే కొండాపూర్ డాగ్ పార్కుకి తీసుకుపోయేవాణ్ణి. 2018లో జీహెచ్‌ఎంసీ వాళ్ళు పెట్టింది, ఎకరా ముప్పై సెంట్లు. పెద్ద కుక్కలకి ఒక పక్క, బుజ్జివాటికి ఇంకో పక్క. గేటేసి గొలుసు తీసేస్తే గంటసేపు నాకు పనుండేది కాదు.

ఇప్పుడు అమ్మానాన్నల కోసం నెల్లూరు వచ్చేశాం. ఇంటి దగ్గర పార్కుకి పోతే వాచ్‌మన్ గేటులోనే ఆపేశాడు. నేను వాదన మొదలుపెట్టేలోపే మావాడు గేటుకి అడ్డంగా నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకున్నాడు. లాగితే రాడు, బతిమాలితే తోకాడిస్తాడు. వాకింగ్‌కొచ్చినోళ్ళంతా వాడిని దాటుకుని పోతా ఉండారు. ఒక పెద్దాయన ఆగి, "వీడికి సత్యాగ్రహం ఎవరు నేర్పారయ్యా?" అని నవ్వాడు.

రోడ్డు మీద తిప్పుదామంటే మా సందు మలుపులో ఆరు వీధికుక్కలు కాపలా. సాయంత్రం ఆరింటికి కూడా తారు చల్లారదు. అరచేతిని తిప్పి రోడ్డు మీద ఆనిస్తే ఐదు లెక్కపెట్టేలోపు తీసేయాల్సొస్తోంది. దాని పాదాలెట్టా ఆగుతాయి? మీరంతా యాడికి తీసుకుపోతారో చెప్పండి.

పెన్నగట్టు

అన్నా, రంగనాయకుల గుడి వెనక ఏట్లోకి దిగు. నీళ్ళు లేని నెలల్లో ఇసక కావలసినంత. తెల్లారి ఐదుకల్లా ఉండాలి, ఏడైతే ఇసక కాలుద్ది.

పూర్తిగా మాత్రం విప్పొద్దు. పది మీటర్ల నైలాన్ తాడు కొని ఒంటికి తొడిగే పట్టీకి కట్టు, మెడ పట్టీకి కాదు. పరుగు మీద ఉన్నప్పుడు తాడు బిగిస్తే మెడకి దెబ్బ. ముందు నువ్వొక్కడివే పోయి నేల చూసుకో. సీసా పెంకులు, చిల్లచెట్ల ముళ్ళు, రాత్రిపూట ఎవరో పారబోసిపోయిన కోడి వ్యర్థాలు ఉంటాయి. కోడి వ్యర్థాలు ఉన్నచోట వీధికుక్కల గుంపు ఉన్నట్టే. పైనుంచి నీళ్ళు వదిలారని తెలిస్తే ఆ పక్కకే పోవద్దు.

ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతుకు. మా దానికి ఒక్క పిడుదు వల్ల జ్వరమొచ్చి వారం అన్నం ముట్టలా.

ఒంగోలు గిత్త

మాది కొత్తపట్నం దగ్గర, మేం సముద్రానికే పోతాం. మీకైతే మైపాడు ఉందిగా. మంచినీళ్ళు మాత్రం మీరే తీసుకుపోండి. ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు. ఆ కారు కడుక్కునేదీ మీరే.

ఇంకోటి, జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గట్టుకొచ్చి గుడ్లు పెడతాయి. మూడేళ్ళ కిందట మా రాజు గాడు ఇసక తవ్వుతుంటే ఎండ్రకాయ కోసమనుకుని ఫోన్‌లో వీడియో తీస్తా నిలబడ్డా. దగ్గరికి పోతే టేబుల్ టెన్నిస్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు, నాలుగు పగిలి ఉన్నాయి. ఆలివ్ రిడ్లీవి. సిగ్గేసింది సామీ. ఆ వీడియో ఎవరికీ చూపించలా. ఇప్పుడా నెలల్లో బీచిలో గొలుసు విప్పను.

దర్గామిట్ట అక్క

కుక్కలవాళ్ళ మధ్యలోకి వచ్చి మాట్లాడుతున్నా, ఏమీ అనుకోవద్దు. మా పిల్లాణ్ణి ఐదేళ్ళప్పుడు వీధికుక్క పిక్క పట్టుకుంది. పావుగంట సబ్బునీళ్ళతో కడిగి ఆస్పత్రికి పరిగెత్తాం. సూదులన్నీ పూర్తయ్యేదాకా నాకు నిద్ర లేదు. ఇప్పటికీ వాడు కుక్క కనపడితే నా చీర కుచ్చిళ్ళలో దూరతాడు. మీ జున్ను ఏమీ చెయ్యడని మీకు తెలుసు తమ్ముడూ, మా వాడికి తెలియదు కదా. పార్కుకి తెస్తే తీసుకురండి, గొలుసు పొట్టిగా పట్టుకోండి, వాడు చేసింది కవర్లోకి ఎత్తండి. చెప్పులకి అంటుకుంటే కడుక్కునేది మేమే.

పెన్నగట్టు

అక్క చెప్పింది న్యాయం. ఇంకో మాట అన్నా. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సూచనల్లో పెంపుడు కుక్కల్ని పార్కుల్లోకి అసలే రానీయకపోవడం సరికాదనీ, కావాలంటే వేళలు పెట్టుకోవచ్చనీ ఉంది. వాచ్‌మన్‌తో గొడవపడితే ఏం లాభం, ఆయన చేతిలో ఏముంది? వేళ అడుగుతూ పార్కు చూసేవాళ్ళకి కాగితం రాయి. రేబిస్ టీకా పుస్తకం జిరాక్స్ జతచెయ్యి.

రొట్టెల పండుగ రోజుల్లో మాత్రం స్వర్ణాల చెరువు పక్కకి వాణ్ణి తేవద్దు. ఆ జనంలో మనకే ఊపిరాడదు.

జున్నువాళ్ళ నాయన

నిన్న ఏట్లోకి పోయొచ్చాం. తాడు పది మీటర్లూ అయిపోగానే వాడు ఆగాడు, నేను ఆగలా. ఇసకలో బోర్లా పడ్డా. మోచెయ్యి గీసుకుపోయింది గానీ మావాడు అట్టా పరిగెత్తి ఎన్నాళ్ళయిందో!

కాగితం కూడా ఇచ్చా. పొద్దున ఐదు నుంచి ఆరు దాకా, వెనక గేటు వైపు మాత్రమే అని అడిగా. అక్కా, మీరు పిల్లల్ని తెచ్చే వేళ అది కాదనుకుంటా, అయితే చెప్పండి, మారుస్తా. జవాబింకా రాలా. వాచ్‌మన్ మాత్రం ఈ పొద్దున నా చేతిలో కవరు చూసి, "ఇది రోజూ తెస్తావా, ఇయ్యాళ ఒక్కరోజేనా?" అన్నాడు.