నిర్భయ నిధి డబ్బు కోసం ఎక్కడ అప్లికేషన్ పెట్టాలి?

ప్రశ్న: మా పక్క వాటాలో ఉండే అమ్మాయిని మొగుడు తాగొచ్చి కొడతాడు. మొన్న రాత్రి రెండేళ్ల పిల్లాణ్ణి చంకనేసుకుని మా ఇంటికొచ్చేసింది, కాళ్లకు చెప్పులు కూడా లేవు, మోచేయి వాచిపోయింది. స్టేషనుకు వెళ్తే పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోమన్నారు. నిర్భయ నిధి నుంచి డబ్బిస్తారట కదా, ఎవరిని అడగాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, ముందు ఆ చెయ్యి ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. జారిపడ్డానని మాత్రం చెప్పొద్దనండి, ఎవరు కొట్టారో డాక్టరు చేత రాయించుకోవాలి, రేపు కోర్టులో ఆ కాగితమే పనికొస్తుంది. ఇక నిర్భయ నిధి ఆడవాళ్ల భద్రత కోసం 2013 కేంద్ర బడ్జెట్‌లో 1000 కోట్లతో పెట్టారు గానీ అది మనం అప్లికేషన్ పెడితే చేతికిచ్చే డబ్బు కాదు, రాష్ట్రాలకూ శాఖలకూ వెళ్తుంది. జిల్లాల్లో 2015 నుంచి పెడుతూ వచ్చిన సఖి వన్ స్టాప్ సెంటర్లూ (హింసకు గురైన ఆడవాళ్లకు ఆసరా ఇచ్చేవి), 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరూ నడిచేది ఆ డబ్బుతోనే. 181కి ఫోన్ చేస్తే మీ జిల్లాలో సెంటర్ ఎక్కడుందో చెబుతారు. పిల్లాడితో సహా ఐదు రోజుల వరకు అక్కడే ఉండొచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే శక్తి సదన్ అనే ఆశ్రయ గృహానికి పంపిస్తారు, ఇదివరకు స్వధార్ అనేవాళ్లు.

ఇంకొకరు: మా వదిన కోసం నేను సఖి సెంటర్‌కు వెళ్లాను. మేం నలుగురం కలిసి లోపలికి పోబోతే కౌన్సిలర్ మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె ఒక్కదాన్నే తీసుకెళ్లి గంటన్నర మాట్లాడింది. ఆరేళ్లుగా మాకెవరికీ చెప్పనివి ఆ రోజు చెప్పుకుంది. అందుకే మీరు తోడు వెళ్లండి, కానీ ఆమె మాటలు మీరు చెప్పకండి. గృహహింస నివేదిక, అంటే ఇంట్లో ఏం జరిగిందో మేజిస్ట్రేటు కోసం రాసే కాగితం, అక్కడే రాయించుకోండి.

ప్రశ్న: డబ్బు అసలు రాదా మరి? ఇల్లు అత్త పేరున ఉంది, గెంటేస్తామంటున్నారు.

జవాబు: వస్తుంది, వేరే దారిలో. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు ఖర్చులకూ పిల్లాడి పోషణకూ మొగుడి చేత ఇప్పించొచ్చు. కాపురం చేసిన ఇల్లు అత్త పేరున ఉన్నా కోర్టు ద్వారా తప్ప ఆమెను బయటికి పంపడానికి లేదు. దెబ్బలు తీవ్రమైనవైతే, లేదా కొట్టడం వల్ల గర్భం పోతే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పరిహారం అడగొచ్చు, అది ప్రభుత్వం ఇస్తుంది. లాయరుకు కూడా అక్కడే అడగండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా పెడతారు. ఫోను 15100.

ప్రశ్న: రేపు పొద్దున బస్సుకే తీసుకెళ్తాను అక్కా. ఆధార్ కార్డు ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

జవాబు: దానికోసం ఆ గుమ్మం తొక్కనివ్వకండి. ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే తీసుకుని బయల్దేరండి.