మిక్స్‌లో నిండుదనం కోసం ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె కొనొచ్చా?

పాలకొల్లు మిక్స్:
అందరికీ నమస్కారమండి. ఇంట్లోనే చిన్న స్టూడియో నడుపుతున్నాను. భక్తి పాటలు, జానపదాలు ఎక్కువ. అన్నీ కంప్యూటర్‌లోనే మిక్స్ చేస్తాను. శుభ్రంగానే ఉంటాయి కానీ బయట వింటే నీళ్ళ మజ్జిగలా పల్చగా అనిపిస్తాయి. రెండు ఛానెళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె (పాట సిగ్నల్‌ని ఇనుము మీద చుట్టిన తీగల ద్వారా పంపేది) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఉంది, అరవై వేలు చెప్తున్నారు. మిక్స్ మొత్తం అందులోంచి తిప్పి మళ్ళీ రికార్డు చేసుకుంటే వార్మ్‌గా, అంటే వెచ్చగా నిండుగా వస్తుందట. కొనమంటారా, కంప్యూటర్‌లోనే ఆ పని చేసే ప్లగిన్ సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోమంటారా?

భీమవరం బాస్:
వార్మ్ కావాలంటే మే నెలలో ఏసీ ఆపేసి మిక్స్ చెయ్యండి, పైసా ఖర్చుండదు. సరదాకన్నాను, ఏమనుకోకండి. నా ఓటు ప్లగిన్‌కే. పాట అయిపోయాక దాన్ని చేయించుకున్న భక్తుడు ఫోన్ చేసి "చరణంలో మా నాన్నగారి పేరు వినపడట్లేదు, కాస్త పెంచండి" అంటాడు. ప్లగిన్ అయితే ఐదు నిమిషాల పని. పెట్టె అయితే దాని మీద తిప్పే గుండ్రాలన్నీ మొన్న ఎక్కడ ఉన్నాయో గుర్తు తెచ్చుకుని, పాటంతా మొదటినుంచి ఆడించి మళ్ళీ ఎక్కించాలి.

అమలాపురం డోలు:
ప్లగిన్, పెట్టె ఒకటేనంటే నేనొప్పుకోనండి. పెట్టెలోంచి వచ్చిన డోలుకి గుండెలో తగిలే గుమ్ము ఉంటుంది. ఘంటసాల గారి పాటలు ఇప్పటికీ ఎందుకు అంత నిండుగా ఉంటాయి? మద్రాసు స్టూడియోల్లో అప్పుడు అడుగడుగునా ట్రాన్స్‌ఫార్మర్లే. అంతెందుకు, మా రామాలయం పాత మైకు సెట్టులో ధనుర్మాసం తెల్లవారుజామున తిరుప్పావై పెడితే చేలవతల ఊరికి కూడా తియ్యగా వినపడేది. ఆ హారన్లలోనూ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. కావాలంటే విప్పి చూడండి.

నరసాపురం రేడియో తాత:
విప్పి చూశాను నాయనా, నలభై ఏళ్ళు అదే పని. మైకు సెట్టు నుంచి 100 వోల్టుల లైను లాగితే, ప్రతి హారన్ దగ్గరా దాన్ని దింపడానికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, నిజమే. కానీ హారన్ బేస్ పలకదు. నువ్వు విన్న తీపి ట్రాన్స్‌ఫార్మర్‌ది కాదు, పుష్యమాసపు చలిది. నేల దగ్గర గాలి చల్లగా, పైన కాస్త వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం పోతుంది. ఘంటసాల గారి సంగతంటావా, అప్పుడు వాల్వులు, టేపు, ఒకేసారి కూర్చుని వాయించే ఆర్కెస్ట్రా, అన్నిటికీ మించి ఆ గొంతు. వీటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము వాటా ఎంతో ఎవడు విడదీస్తాడు?

అలాగని ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ చెయ్యదని అనను. స్టాంపింగులు, అంటే ఇనుప రేకులు, పేర్చి చేత్తో తీగ చుట్టినవాణ్ణి. ఆ రేకుల కట్ట, అంటే కోరు, ఒక హద్దు వరకే అయస్కాంతమవుతుంది. కాలవ గట్ల దాకా నిండాక పైనుంచి ఎంత వదిలినా కింది చేనుకి అదనంగా చుక్క పోదు చూడు, అలాగన్నమాట. అక్కడ అల తల నలిగి, లేని స్వరాలు పుడతాయి, ముఖ్యంగా మూడో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీది. మేం దాన్ని తిట్టుకుంటూ తగ్గించడానికి తంటాలు పడేవాళ్ళం. మీరు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. కాలమహిమ!

కాకినాడ ఇంజనీర్:
తాతగారు చెప్పినదానికి ఒక లెక్క కలుపుతాను, ఈ చర్చంతా అక్కడే తేలుతుంది. కోరులో ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, వోల్టేజీని బట్టి పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగితే తగ్గుతుంది. అంటే ఒకే లెవెల్‌లో 120 హెర్ట్జ్ కంటే 30 హెర్ట్జ్ దగ్గర కోరు మీద బరువు 4 రెట్లు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ రంగు కింది స్వరాల్లోనే పడుతుంది. కీబోర్డు బేస్, డగ్గా, డోలు మీద తెలుస్తుంది. ఆడగొంతు మీద నేరుగా పడేది చాలా తక్కువ. కానీ మిక్స్ మొత్తం పంపితే బేస్ కోరుని నింపిన ప్రతిసారీ దానితోపాటు వెళ్ళే గొంతు కూడా నలుగుతుంది. కొందరు దాన్నే 'గ్లూ' అని మెచ్చుకుంటారు, నాకు బురదలా వినపడుతుంది. పంపితే బేస్ ట్రాక్ ఒక్కటే పంపండి.

ఫోనులో వినేవారికి మాత్రం ఇది నిజంగా పనికొస్తుంది. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్ పలకలేదు. మూడో హార్మోనిక్ 150 దగ్గర పుడితే అదైనా కాస్త వినపడి, లేని బేస్‌ని చెవి ఊహించుకుంటుంది.

ఇంకోటి, ఆ పెట్టెలో యాంప్లిఫయర్ ఉందా, వట్టి ట్రాన్స్‌ఫార్మరేనా? 1970లో వచ్చిన నీవ్ 1073 అనే మైకు ప్రీయాంప్‌లో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి డీసీ కూడా ప్రవహిస్తుంది, అందుకే కోరులో చిన్న గాలి సందు పెట్టారు. ఆ రంగు ఇనుముది మాత్రమే కాదు, వెనకున్న సర్క్యూట్‌ది కూడా. వట్టి పెట్టె అయితే, మీ కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) తక్కువగా ఉండి ట్రాన్స్‌ఫార్మర్ మరీ బుద్ధిమంతుడిలా, రంగు పెద్దగా వెయ్యకుండా ప్రవర్తిస్తుంది. లెవెల్ కూడా చాలకపోతే అరవై వేలు పోసి తీగముక్క కొన్నట్టే. నికెల్ కోరా, స్టీల్ కోరా అన్నది కూడా అడగండి. నికెల్ శుభ్రంగా ఉంటుంది కానీ తొందరగా నిండిపోతుంది. స్టీల్ ఎక్కువ మోస్తుంది, చిన్న లెవెల్‌లో కూడా కాస్త మరక వేస్తుంది.

అమలాపురం డోలు:
లెక్కలు బాగున్నాయి సార్. పాట వినేది చెవి కదండీ, క్యాలిక్యులేటర్ కాదు కదా.

భీమవరం బాస్:
మరైతే చెవినే అడుగుదాం అన్నా. రెండు క్లిప్పుల లెవెల్ సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా వినాలి. శబ్దం అర డీబీ (డెసిబెల్) ఎక్కువున్నదే చెవికి బాగుందనిపిస్తుంది. ఈ పెట్టెలు సగం అమ్ముడుపోయేది ఆ అర డీబీ మీదేనని నా అనుమానం.

నరసాపురం రేడియో తాత:
పాలకొల్లు అబ్బాయీ, నీ స్పీకర్లు గది మూలలకి పెట్టావా?

పాలకొల్లు మిక్స్:
ఆయ్, మూలలకేనండి. చిన్న గది కదండి, ఇంకెక్కడా చోటు లేదు.

నరసాపురం రేడియో తాత:
సరిపోయింది. మూల బేస్‌ని పెంచి చూపిస్తుంది. అది విని నువ్వు బేస్ తగ్గిస్తావు. బయటికెళ్తే పాట పల్చన. ముందు స్పీకర్లు జరుపు, ఆ తర్వాత పెట్టె సంగతి చూద్దాం. పెట్టె తెచ్చినా ఇన్వర్టర్ పక్కన పెట్టకు. దాని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 50 హెర్ట్జ్ గుర్రు ఎక్కుతుంది.

పాలకొల్లు మిక్స్:
పది రోజులయిందండి, ఏమయిందో చెప్తాను. అమ్మేవారు మంచివారు, అడ్వాన్సు తీసుకుని రెండు రోజులు వాడుకోమని పెట్టె ఇచ్చారు. లోపల యాంప్ ఉంది, స్టీల్ కోరు. లెవెల్స్ 0.1 డీబీ లోపు కలిపాను. మా ఆవిడ క్లిప్పుల పేర్లు మార్చి వినిపించింది. ఆవిడకి దీని మీద నమ్మకం లేదు, అదే మంచిదయింది.

కీబోర్డు బేస్ ఉన్న జానపదం: 10 సార్లకి 9 సార్లు పెట్టెని పట్టుకున్నాను. తంబూరా, వీణ ఉన్న త్యాగరాజ కీర్తన: 10కి 5, అంటే బొమ్మా బొరుసే. తర్వాత బేస్ ఒక్కదాని మీద ప్లగిన్ పెట్టి, పెట్టెతో పోల్చి విన్నాను: 10కి 6. ఒక్కసారి గట్టిగా పొరబడి, ప్లగిన్ క్లిప్‌ని "ఇదే అసలైన ఇనుము" అని మా ఆవిడకి వివరించాను కూడా. ఇంట్లో ఇప్పటికీ అదే జోకు.

ఇక స్పీకర్లు. బీరువా పక్క గదిలోకి నెట్టి, రెండూ మూలల నుంచి మూడడుగులు ముందుకి తెచ్చాను. పాత మిక్స్ పెట్టి వింటే నాకే సిగ్గేసింది, బేస్ అంత తక్కువగా ఉంది. ఇప్పుడు చేస్తున్నవి కారులో కూడా నిలబడుతున్నాయి. పెట్టె తిరిగిచ్చేశాను.

భీమవరం బాస్:
బీరువాకి ప్లగిన్ ఇంకా రాలేదు చూడండి.

అమలాపురం డోలు:
డోలు మీద పెట్టి చూడకుండా తిరిగిచ్చేశారా? జానపదంలో 9 వచ్చాయంటే నేను మొదటినుంచి మొత్తుకుంటున్నది అదే కదండీ! కీర్తన గొడవ నాకెందుకు, నేను చేసేవన్నీ తీర్థాల పాటలే. అమ్మేవారికి నా సంగతి చెప్పండి. నలభై ఐదుకి ఇస్తారేమో కూడా మీరే అడిగి పెట్టండి, మీకు మాట పరిచయం ఉంది కదా.